కరెంటు తీసి కలపాలి

ముందు కరెంటు తియ్యరా, అన్నాను రూరీతో.
నా వంటగది బల్ల మీద నల్లటి చిన్న కంప్యూటర్ పెట్టి
దాని వీపున ఇంకో నల్ల డబ్బాను దోపుతున్నాడు,
బిగుతు బూటులోకి పాదం దూర్చినట్టు.
ప్రాణముండగా కలిపితే రెండూ పోతాయి.
ఈ మాట నాకు మొదట చెప్పింది నెట్టా.

పై అంతస్తు పిల్లాడు. పద్నాలుగేళ్లు.
పాత సామాన్ల కొట్లో ముప్పై పౌండ్లు పోసి కొన్నాడట.
"దీని సొంత మెమరీ ఒక్క కె, ఇషబెల్.
నా పేరు, అడ్రసు, ఇంకో నాలుగు ముక్కలు, అంతే.
ఈ డబ్బా తగిలిస్తే పదహారు.
కానీ ఊగుతోంది. ఊగితే అన్నీ మర్చిపోతోంది."

నాకు తెలీదా?
ఈ డండీలోనే, షిఫ్టుకి మూడొందల బోర్డులు
నా చేతుల మీదుగా వెళ్లాయి.
ఆ తర్వాత ఏ ఇంటికెళ్లి ఏం మాట్లాడాయో
ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
కొనుక్కోనూ లేదు.
బేకరీలో పనిచేసేవాళ్లు ఇంటికొచ్చి రొట్టె కాలుస్తారా?

రబ్బరు తీసుకురా. పెన్సిల్ గీతలు చెరిపేది.
అంచున వరసగా ఉన్న రాగి పళ్లని
మెల్లగా, ఒకే వైపుకి తోముతూ వెళ్లాను.
నలభై ఏళ్ల పాచి నల్లటి పొట్టుగా రాలింది.
చెరిపే రబ్బరుతో మెమరీ వస్తుందా అని నవ్వాడు.
నవ్వనీ.

ఊరుకోలేక మూత కూడా విప్పాను.
ఐదు మరలు. మూడు రబ్బరు పాదాల కింద దాక్కున్నాయి.
కీబోర్డు రిబ్బను ఎండుటాకులా ఉంది, ఊపిరి బిగపట్టి పక్కకి వంచాను.
బోర్డు మూలన అలికినట్టున్న సిరా ముద్ర.
నా నంబరు నలభై రెండు.
ఇది పందొమ్మిది.

నెట్టాది.

సమ్మె ఏడాది, కంపెనీ బస్సులో కూర్చుని
తల వంచుకుని గేటు లోపలికి వెళ్లింది నెట్టా.
కాదు. పిల్లాడి ముందు అబద్ధమెందుకు?
వెళ్లింది నేను.
నెట్టా బయట నిలబడింది, మంచులో,
డ్రమ్ములో చెక్కలు మండుతుంటే ఆ మంట పక్కన.
అద్దం అవతల ఆమె నోరు కదిలింది.
ఏమందో వినపడలేదు.
ఇప్పటికీ వినపడలేదు.

ఏటికి అవతలి ఒడ్డున, న్యూపోర్ట్‌లో ఉంటోందట.
ఈ కిటికీలోంచి రాత్రిళ్లు ఆ దీపాలు కనిపిస్తాయి.
వంతెన ఉంది. కట్టినవాళ్లు ఎప్పుడో కట్టారు.

సరే, ఇటు చూడు రూరీ.
వంకరగా కాదు, తిన్నగా. పళ్ల మధ్య గాడి ఉంది చూశావా,
అది కుదిరేదాకా తొయ్యకు.
అడుగున గోడకి బొమ్మలంటించే నీలం ముద్ద కాస్త పెట్టు.
ఇప్పుడు కరెంటు.

పాత టీవీ గొంతు సవరించుకుంది.
తెల్లటి తెర. కింద ఎడమ మూల, నల్ల గడిలో కె.
ఎంత గుర్తుంచుకోగలవు అని అడిగాడు వాడు, దాని భాషలో.
పదిహేడు వేల నాలుగొందల ఎనిమిది అంది.
అంటే వీపు మీద డబ్బా ఉన్నట్టే తెలియలేదు దానికి.
తీశాం. తోమాం. పెట్టాం.
ముప్పై రెండు వేల ఏడొందల అరవై ఎనిమిది!
వాడి కేకకి కెటిల్ మూత ఎగిరింది.

"నువ్వూ ఏదైనా కొట్టు."
ఎన్ని చేశానో లెక్కలేదు, ఒక్కదాని మీదా వేలు పెట్టలేదు.
నెట్టా అని కొడదామనుకున్నాను.
ఎన్ నొక్కగానే 'నెక్స్ట్' అని మొత్తం మాటే పడింది.
ఇదేంటిరా, నన్ను పేరు రాయనివ్వదా?
"ముందు పని చెప్పాలి దానికి, పేరు తర్వాత" అన్నాడు.

అంతలో కింద రోడ్డు మీద బస్సు వెళ్లింది.
గూట్లో గ్లాసులు సన్నగా మోగాయి.
తెర చారలు చారలై, తెల్లబోయింది.

పోయిందా?
పోయింది.

వాడి మొహం చూడలేక స్విచ్చి కట్టేశాను.
డబ్బా ఇంకా వెచ్చగా ఉంది,
ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కా లోపలి వెచ్చదనం.
తీసి మళ్లీ పెట్టు, అన్నాను.
ఈసారి డబ్బాని నేను పట్టుకుంటా, కదలకుండా.
నువ్వు కొట్టు.
ఏం కొట్టాలో చెబుతాను.